నిస్సె కూడా బండెక్కాడు: స్కాండినేవియన్ అధ్యయనాలంటే నిజానికి ఏం చదువుతారు?

డెన్మార్క్, నార్వే, స్వీడన్ పల్లెల్లో విరివిగా చెప్పుకున్న ఒక చిన్న ఐతిహ్యం ఉంది. ఒక రైతు ఇంట్లో నిస్సె అనే మరుగుజ్జు కాపురం ఉంటాడు. బూడిదరంగు బట్టలు, నెత్తిన ఎర్రటోపీ. కొట్టంలో పశువులకు మేత వేస్తాడు, గుర్రాలను కనిపెట్టుకుని ఉంటాడు. క్రిస్మస్ రాత్రి వెన్నముద్ద వేసిన జావ గిన్నె పెట్టడం మరిచిపోతే మాత్రం కక్ష కడతాడు. వాడి ఆగడాలు పడలేక రైతు ఇల్లు మారాలని నిశ్చయించుకుంటాడు. సామానంతా చేరవేసి, ఆఖరి బండి తోలుకుంటూ పోతుండగా ఎదురొచ్చిన పొరుగువాడు ‘ఎక్కడికి ప్రయాణం?’ అని అడుగుతాడు. రైతు నోరు తెరిచేలోపే, బండి మీద ఉన్న ఖాళీ పీపాలోంచి నిస్సె తల బయటపెట్టి, ‘ఇవాళ మేం ఇల్లు మారుతున్నాం’ అంటాడు.

చెప్పడానికి ఒక్క నిమిషం పట్టని ఈ కథను పరిశోధక విద్యార్థి ముందు పెడితే ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. ఈ మాటలు ఏ మాండలికంలో చెప్పారు, విన్నవాడు ఏ వర్ణక్రమంలో రాసుకున్నాడు? చెప్పిన మనిషి దీన్ని తన ఊళ్లో జరిగిన సంగతిగా చెప్పిందా, నలుగురినీ నవ్వించడానికి చెప్పిందా? ఇదే కథ సముద్రం దాటి ఇంగ్లండు పల్లెల్లో ఎలా వినిపించింది? నార్వే పండితుడు రైదార్ క్రిస్టియన్సెన్ 1958లో ప్రకటించిన వలస ఐతిహ్యాల (ఒక చోటి నుంచి మరో చోటికి పాకే కథల) పట్టికలో దీనికి 7020 అనే అంకె పడింది. ఒక పల్లె ముచ్చటకు అంకె వేయవలసిన అవసరం ఎవరికి, ఎందుకు కలిగింది? స్కాండినేవియన్ భాషలు, సంస్కృతి, జానపద విజ్ఞానంలో ఎం.ఎ. గానీ పిహెచ్.డి. గానీ చేయడమంటే, స్థూలంగా, ఇటువంటి ప్రశ్నలకు జవాబు చెప్పగలిగే స్థితికి చేరడమే. వైకింగుల కత్తులనూ ఓడలనూ ఊహించుకుని వచ్చేవారు మొదటి ఏడాదిలోనే కాస్త నిరుత్సాహపడతారనుకుంటాను, ఎందుకంటే ఆ ఏడాది ఎక్కువ భాగం వ్యాకరణంతోనే గడిచిపోతుంది.

పేరులోనే ఒక చిక్కు ఉంది. స్కాండినేవియా అంటే ఆ ప్రాంతం వారి వాడుకలో డెన్మార్క్, నార్వే, స్వీడన్ అనే మూడు రాజ్యాలు. ఐస్‌లాండ్, ఫిన్‌లాండ్, ఫారో దీవులు, గ్రీన్‌లాండ్, ఓలాండ్ దీవులను కూడా కలుపుకుంటే వారు ‘నార్డిక్’ అంటారు, అంటే ఉత్తరాది. భాషల లెక్క ఇంకోలా ఉంటుంది. డేనిష్, నార్వేజియన్, స్వీడిష్, ఐస్‌లాండిక్, ఫారోయీజ్ అనే అయిదూ ఒకే తల్లి బిడ్డలు. ఆ తల్లిని ప్రాచీన నోర్స్ అంటారు. ఫిన్నిష్ వేరే కుటుంబం, ఉత్తర కొసన ఉండే సామీ ప్రజల భాషలు ఫిన్నిష్‌కు దూరపు చుట్టాలు, గ్రీన్‌లాండ్ భాష ఈ రెండింటితోనూ సంబంధం లేనిది. అయినా ఫిన్‌లాండ్‌లో స్వీడిష్ అధికార భాషల్లో ఒకటి, ఉత్తరాది జానపద విజ్ఞానానికి హెల్సింకి ఒక పుట్టిల్లు, కాబట్టి ఫిన్‌లాండ్‌ను వదిలేసి ఈ విషయం చదవడం కుదరదు. రాజకీయ పటం, భాషా పటం, జానపద పటం అనే మూడింటి సరిహద్దులు ఎక్కడా ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. విద్యార్థి పని తరచుగా ఆ పొసగని అంచుల దగ్గరే మొదలవుతుంది.

ఈ అయిదు భాషలనూ ఒకే గొడుగు కిందికి తెచ్చి విశ్వవిద్యాలయ శాఖగా నిలబెట్టిన చోటు, విచిత్రంగా, అమెరికా. డెన్మార్క్‌లో డేనిష్ శాఖ, స్వీడన్‌లో స్వీడిష్ శాఖ సహజంగానే ఉంటాయి. ‘స్కాండినేవియన్’ అనే ఉమ్మడి పేరు పనికొచ్చేది దూరంగా ఉన్నవారికే. పందొమ్మిదో శతాబ్దంలో ఉత్తరాది నుంచి లక్షల మంది రైతులు అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాలకు వలస వెళ్లారు. నార్వే వలసదారుల కొడుకు రాస్మస్ అండర్సన్ ఆచార్యుడుగా 1875లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఏర్పడిన శాఖ అక్కడ ఇటువంటివాటిలో మొదటిదిగా పేరు పొందింది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 1909లో ఈ శాఖ పుట్టింది. 1911లో స్కాండినేవియన్ అధ్యయనాల అభివృద్ధి కోసం ఒక పండిత సంఘమే ఏర్పడింది. అదే విస్కాన్సిన్‌లో 1931 నుంచి మూడు దశాబ్దాలు పాఠం చెప్పిన ఐనార్ హాగెన్ వలస కుటుంబాల ఇళ్లల్లో కూర్చుని వారి నార్వేజియన్‌ను రికార్డు చేశాడు. ఇంగ్లీషు ‘ఫీల్డ్’ను వారు ‘ఫీల్’ చేసుకుని, దానికి స్త్రీలింగం అంటగట్టి, నార్వేజియన్ ప్రత్యయం తగిలించి ‘ఫీలా’ అన్నారని ఆయన నమోదు చేసుకున్నాడు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు ఇళ్లల్లో ఇంగ్లీషు మాటలకు తెలుగు విభక్తులు తగిలించుకుని మాట్లాడుకునేవారికి ఈ వర్ణన కొత్తగా అనిపించదు. 1953లో హాగెన్ ప్రకటించిన అధ్యయనం ఈనాటికీ వలస భాషల మీద పని చేసేవారి బల్ల మీద ఉంటుంది.

భాషల దగ్గరికి వస్తే, ఒకటి నేర్చుకుంటే మూడు వచ్చినట్లే అని చెప్పేవారు ఉన్నారు. అందులో సగం నిజం ఉంది. డేనిష్ వార్తాపత్రికను చదవగలిగినవారు నార్వేజియన్ పత్రికను కొద్ది వారాల్లో అందుకుంటారు. స్వీడిష్‌కు ఇంకొంచెం సమయం పడుతుంది. ‘ఆ, ఈ’ అని నామవాచకానికి ముందు చెప్పే నిర్దిష్టతను ఈ భాషలు మాట చివర అతికిస్తాయి. నార్వేజియన్‌లో ఇల్లు ‘హ్యూస్’ అయితే, ఆ ఇల్లు ‘హ్యూసె’. ప్రత్యయాలన్నీ చివరే వచ్చే భాషలో పుట్టిన మనకు ఇది వింతగా ఉండదు. అయితే చూడటానికి ఒకేలా ఉన్న మాటలు అర్థంలో మోసం చేస్తాయి. ‘ఫ్రోకోస్ట్’ నార్వేలో ఉదయం ఫలహారం, డెన్మార్క్‌లో మధ్యాహ్న భోజనం. ‘రోలిగ్’ అని రాసే మాటకు డేనిష్‌లో ప్రశాంతం అని అర్థం, స్వీడిష్‌లో సరదా అని. ‘ఆ సాయంత్రం చాలా ప్రశాంతంగా గడిచింది’ అని ఒక డేనిష్ పనిమనిషి జాబులో రాసుకుంటే, స్వీడిష్ మాత్రమే వచ్చిన పరిశోధకుడు అక్కడ విందులూ వినోదాలూ జరిగాయని అనుకునే ప్రమాదం ఉంది.

అంకెల సంగతి మరీ ముచ్చటైనది. డేనిష్‌లో యాభైని ‘హల్‌ట్రెస్’ అంటారు. పూర్తి రూపం విప్పితే ‘మూడోది సగమైన ఇరవైలు’, అంటే రెండున్నర ఇరవైలు. డెబ్బై మూడున్నర ఇరవైలు, తొంభై నాలుగున్నర ఇరవైలు. పైగా ఒకట్లను ముందు చెప్పి పదులను తర్వాత చెబుతారు. నార్వే కూడా ఒకట్లను ముందు చెప్పే పద్ధతినే పాటించేది గానీ, టెలిఫోన్ నంబర్లు చెప్పడంలో తికమక వస్తోందని 1951లో ప్రభుత్వమే ఆ వరుసను మార్చింది. పాత రికార్డింగు వింటూ ఒక వృద్ధురాలి వయసును లెక్కగట్టే విద్యార్థికి ఈ వివరం తెలియకపోతే ఇరవై ఏడు కాస్తా డెబ్బై రెండుగా మారిపోవచ్చు.

జానపద కథల పేర్లలో కూడా ఇదే గొడవ. ఐస్‌లాండిక్‌లో ‘సాగ’ అంటే కథ అనీ చరిత్ర అనీ రెండు అర్థాలు. మధ్యయుగాల్లో అక్కడి కుటుంబాల కలహాల గురించి రాసిన గొప్ప వచన రచనలకు అదే పేరు. స్వీడిష్‌లో మాత్రం ‘సాగ’ అంటే రాజకుమారులూ రాకాసులూ ఉండే అద్భుత కథ. నార్వేజియన్, డేనిష్ భాషల్లో ఆ అద్భుత కథను ‘ఎవెంత్యూర్’ అంటారు. నిజంగా జరిగిందని నమ్మి చెప్పుకునే ఐతిహ్యం అక్కడ ‘సాగ్న్’, స్వీడిష్‌లో ‘సేగెన్’. మన నిస్సె బండి కథ సాగ్న్ అవుతుంది తప్ప ఎవెంత్యూర్ కాదు. స్వీడన్‌లో నిస్సె పేరు కూడా మారి ‘టొమ్టె’ అవుతుంది. ఇల్లు ఉన్న స్థలం అనే మాట నుంచి ఆ పేరు పుట్టింది. ఇంటి స్థలానికి కట్టుబడి ఉండవలసినవాడు బండెక్కి వచ్చేయడంలో ఉన్న హాస్యం ఆ పేరు తెలిసినవారికి ఇంకొంచెం ఎక్కువ అందుతుంది.

భాష, జానపదం ఎందుకు ఒకే పట్టాలో ఉన్నాయో తెలియాలంటే నార్వేకు వెళ్లాలి. నాలుగు శతాబ్దాలకు పైగా డెన్మార్క్‌తో కలిసి ఉన్న నార్వే 1814లో దాని నుంచి విడిపోయి, స్వీడన్ రాజు కిందికి వచ్చింది. పూర్తి స్వాతంత్ర్యం 1905లో గానీ రాలేదు. విడిపోయిన నాటికి నార్వేకు తనదైన లిఖిత భాష లేదు. చదువుకున్నవారు డేనిష్‌లో రాసేవారు, పల్లెవారు తమ తమ లోయల మాండలికాల్లో మాట్లాడుకునేవారు. అటువంటి సమయంలో పేటర్ క్రిస్టెన్ ఆస్బ్యోర్న్‌సెన్, యోర్గెన్ మూ అనే ఇద్దరు మిత్రులు పల్లెల్లో కథలు సేకరించి 1841 నుంచి చిన్న చిన్న సంపుటాలుగా అచ్చు వేయడం మొదలుపెట్టారు. వాళ్లకు ఎదురైన ఇబ్బంది కథ దొరకడం కాదు, దాన్ని ఏ భాషలో రాయాలన్నది. శుద్ధమైన డేనిష్‌లో రాస్తే కథ ప్రాణం పోతుంది, మాండలికంలో రాస్తే పక్క లోయవాడికే అర్థం కాదు. వారు డేనిష్ వర్ణక్రమాన్ని ఉంచుకుని, వాక్యం నడకను పల్లె నోటి నుంచి తీసుకున్నారు. డేనిష్‌లో లేని నార్వే మాటలను నిస్సంకోచంగా వాడారు. ఆ పుస్తకాలు పిల్లల చేతుల్లోకీ బడుల్లోకీ వెళ్లాక, తర్వాతి తరం రాసే భాషే కొంత మారింది.

అదే కాలంలో ఈవార్ ఓసెన్ అనే రైతుబిడ్డ మరో దారి పట్టాడు. దేశమంతా తిరిగి మాండలికాలను పోల్చి, 1848లో వ్యాకరణం, 1850లో నిఘంటువు ప్రకటించి, వాటి ఆధారంగా ఒక కొత్త లిఖిత ప్రమాణాన్నే నిర్మించాడు. 1885లో నార్వే పార్లమెంటు దానికి డేనిష్ నుంచి వచ్చిన ప్రమాణంతో సమాన హోదా ఇచ్చింది. డేనిష్ నుంచి వచ్చినది ఈనాటి బూక్‌మోల్, ఓసెన్‌ది నీనోర్స్క్. మరుసటి ఏడాది, 1886లో, యోర్గెన్ మూ కొడుకు మోల్ట్కె మూ ఆచార్య పదవిలో కూర్చున్నాడు. ఆ పదవి ప్రజల భాషకు సంబంధించినది, ప్రజల కథా సంప్రదాయాల మీద కూడా పాఠాలు చెప్పవలసిన బాధ్యత దానికే జోడించారు. భాషనూ జానపదాన్నీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టిన ఆ నిర్ణయం వెనక పండితుల ఆసక్తి ఎంత ఉందో, జాతి నిర్మాణపు అవసరం కూడా అంతే ఉంది. ఆ కథలనూ ఆ భాషనూ ‘మనవి’ అని చూపించవలసిన అగత్యం నుంచి వేరు చేసి చూడటమే నేటి పరిశోధనలో కష్టమైన భాగమని నా అభిప్రాయం.

ఇక అందరికీ పరిచయమున్న ఓడిన్, థోర్ దేవతల సంగతి. వారి గురించి మనకు తెలిసినదానిలో పెద్ద భాగం ఐస్‌లాండ్‌లో దూడతోలు మీద రాసిన రెండు రకాల గ్రంథాల నుంచి వచ్చింది. ఒకటి స్నోరి స్టుర్లుసన్ 1220 ప్రాంతంలో యువకవుల కోసం రాసిన కావ్యశాస్త్ర గ్రంథం. రెండోది పాత దేవతల మీదా వీరుల మీదా ఉన్న పద్యాల సంపుటి. ఆ పద్యాల ముఖ్య ప్రతి 1270 ప్రాంతంలో రాసినది, ‘కోడెక్స్ రేగియుస్’ అంటారు. ఐస్‌లాండ్ క్రైస్తవం స్వీకరించింది 1000 ప్రాంతంలో. అంటే ఈ రచనలు పాత మతం పోయి రెండు వందల ఏళ్లు దాటాక క్రైస్తవుల చేతుల్లో రూపుదిద్దుకున్నాయి. వీటిని పాత మతానికి అద్దం అనుకుని చదివితే తప్పుదారి పడతాం. అలాగే వీటికీ పందొమ్మిదో శతాబ్దపు డేనిష్ రైతు చెప్పిన కథకూ మధ్య ఆరు వందల ఏళ్ల దూరం ఉంది. నిస్సెను పట్టుకెళ్లి నేరుగా ఓడిన్ కొలువులో నిలబెట్టే రాతలు చాలా ఉన్నాయి, వాటిని అనుమానంతో చదవడం మొదటి ఏడాదిలోనే అలవాటు చేసుకోవాలి.

కోడెక్స్ రేగియుస్ చిన్న పుస్తకం, ఇప్పుడు మిగిలినవి 45 ఆకులు. మధ్యలో ఎనిమిది ఆకుల కట్ట ఒకటి ఎప్పుడో ఊడిపోయింది. సిగుర్డ్ అనే వీరుడి కథ సరిగ్గా ముఖ్యమైన చోట ఆ ఖాళీలో పడింది, ఆ కథను వేరే వచన రచన సాయంతో ఊహించుకోవలసి వస్తోంది. తోలు ఖరీదైనది కాబట్టి లేఖకుడు మాటలను కుదించి రాశాడు. అక్షరం మీద చిన్న గీత కనిపిస్తే అక్కడ అనునాసికం ఉందని గ్రహించాలి. ‘మనిషి’ అనే మాట రావలసిన చోట పూర్తి మాట రాయకుండా దాని పేరుతోనే ఉన్న ఒక రూన్ (ఉత్తరాది పాత లిపిలోని అక్షరం) గుర్తు పెట్టాడు. ఈ కుదింపులను విప్పి, పాఠాంతరాలను పోల్చి, ఏది లేఖకుడి పొరపాటో ఏది కవి ప్రయోగమో తేల్చడం పాఠపరిష్కరణ శిక్షణ. తాళపత్రాల మీద పని చేసిన తెలుగు పండితులు ఈ శ్రమను వెంటనే గుర్తుపడతారు.

ఆ ప్రతి ప్రయాణం కూడా చదువులో భాగమే. 1643లో ఐస్‌లాండ్ బిషప్ బ్రిన్యోల్వుర్ స్వేన్సన్ చేతికి వచ్చింది, 1662లో ఆయన దాన్ని డెన్మార్క్ రాజుకు పంపాడు. తర్వాతి తరంలో ఆర్నీ మాగ్నూసన్ అనే ఐస్‌లాండ్ పండితుడు తన దేశంలో ఇల్లిల్లూ గాలించి, దొరికిన ప్రతి తోలుముక్కనూ కోపెన్‌హాగెన్‌లో కూడబెట్టాడు. 1728లో ఆ నగరం తగలబడినప్పుడు రాతప్రతులు చాలావరకు దక్కాయి గానీ అచ్చు పుస్తకాలు ఎక్కువగా కాలిపోయాయి. ఐస్‌లాండ్ స్వతంత్రమయ్యాక ఆ ప్రతులు ఎవరివన్న వివాదం దశాబ్దాలు నడిచింది. చివరికి 1971 ఏప్రిల్ 21న డేనిష్ నౌకాదళపు ఓడ మొదటి రెండు ప్రతులను రేక్యావిక్ రేవుకు చేర్చింది, అందులో కోడెక్స్ రేగియుస్ ఒకటి. మిగిలినవి విడతలుగా 1997 వరకు వచ్చాయి. కొంత భాగం నేటికీ కోపెన్‌హాగెన్‌లోనే ఉంది. ప్రతులను భద్రపరిచే రెండు నగరాల సంస్థలూ కలిసి పని చేస్తున్నాయి, కాబట్టి ఈ రంగంలో పరిశోధకులు రెండు నగరాల మధ్యా తిరగవలసిందే.

జానపద విజ్ఞానం ఒక శాస్త్రంగా నిలదొక్కుకోవడంలో ఉత్తరాది వాటా చాలా పెద్దది. డేనిష్ పండితుడు స్వెన్ గ్రున్‌ట్విగ్ 1853లో పాత కథాగేయాల ప్రచురణ మొదలుపెట్టినప్పుడు, దొరికిన ప్రతి పాఠాన్నీ ఉన్నది ఉన్నట్టు అచ్చు వేయాలని పట్టుబట్టాడు. అందమైన పాఠం ఒకటి ఎంచుకుని, మిగిలినవాటితో దానికి మెరుగులు దిద్దే అలవాటును ఆయన ఒప్పుకోలేదు. ఆ ప్రచురణ ముగిసింది 1976లో. హార్వర్డ్‌లో ఫ్రాన్సిస్ చైల్డ్ ఇంగ్లీషు, స్కాటిష్ కథాగేయాలు 305 రకాలను సంపుటాలుగా తెచ్చినప్పుడు అనుసరించింది గ్రున్‌ట్విగ్ పద్ధతినే. ఫిన్‌లాండ్‌లో యూలియుస్ క్రూన్, ఆయన కొడుకు కార్లె క్రూన్ ఒక కథ పాఠాలన్నిటినీ ఊరు, కాలం వారీగా పటం మీద పరిచి, అది ఎక్కడ పుట్టి ఎటు నడిచిందో తేల్చే పద్ధతి తయారు చేశారు. 1907లో కార్లె క్రూన్, డెన్మార్క్‌కు చెందిన ఆక్సెల్ ఓల్‌రిక్, స్వీడన్‌కు చెందిన కార్ల్ విల్హెల్మ్ ఫాన్ సీడోవ్ కలిసి ఒక అంతర్జాతీయ బృందం ఏర్పరిచారు. ఆ బృందం ప్రచురణల్లోనే 1910లో అంట్టి ఆర్నె కథా రకాలకు అంకెలు వేసిన పట్టిక వచ్చింది. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో స్టిత్ థాంప్సన్ 1928లోనూ 1961లోనూ దాన్ని పెంచాడు, 2004లో జర్మన్ పండితుడు హాన్స్ యోర్గ్ ఊతర్ మూడు సంపుటాలుగా మళ్లీ సవరించాడు.

ఈ అంకెల పద్ధతి మన దాకా వచ్చింది. థాంప్సన్, వారెన్ రాబర్ట్స్ కలిసి 1960లో భారత ఉపఖండపు మౌఖిక కథా రకాల పట్టికను అదే ఫిన్నిష్ ప్రచురణ మాలలో వెలువరించారు. అమెరికాలో జానపద విజ్ఞానంలో మొదటి డాక్టరేటు పొందినవాడిగా చెప్పుకునే రాబర్ట్స్, 1953లో సమర్పించిన సిద్ధాంత వ్యాసం మంచి పిల్ల, చెడ్డ పిల్ల కథ మీద. ఫిన్నిష్ పండితుడు లౌరి హోంకో ఇంకో అడుగు ముందుకు వేశాడు. 1990 డిసెంబరులో కర్ణాటక తీరాన తుళు గాయకుడు గోపాల నాయక పాడిన సిరి పురాణకథను ఆయన బృందం రోజుల తరబడి రికార్డు చేసి, 15,683 పాదాల పాఠాన్ని 1998లో ప్రచురించింది. ఒకే గాయకుడు, ఒకే ప్రదర్శన పరంపర, విడదీయని పాఠం. కథను ముక్కలు చేసి పటం మీద పరిచిన పద్ధతి పుట్టిన దేశం నుంచే, ముక్కలు చేయవద్దనే పద్ధతి కూడా దక్షిణ భారతానికి వచ్చింది.

పట్టికల మీద విమర్శ మొదట ఇంటిలోంచే లేచింది. కథలు నీటిలో అలల్లా వాటంతట అవే వ్యాపించవని, ఊరికి ఇద్దరో ముగ్గురో మాత్రమే వాటిని చెప్పగలిగినవారు ఉంటారని, వారు కదిలితేనే కథ కదులుతుందని ఫాన్ సీడోవ్ వాదించాడు. ఒక మనిషి తనకే ఎదురైన అనుభవంగా చెప్పే కథనానికి ‘మెమొరాట్’ అని ఆయన పెట్టిన పేరు నేటికీ వాడుకలో ఉంది. నిస్సెను కొట్టంలో నా కళ్లతో చూశాను అని చెబితే అది మెమొరాట్. పీపాలోంచి తల బయటపెట్టాడు అని చెబితే అది ఊరూరా తిరిగిన ఐతిహ్యం. మెమొరాట్‌లో చెప్పేవారి భయమో నమ్మకమో ఉంటుంది. ఐతిహ్యంలో ఉండేది చాలా నోళ్లు తిరిగి నునుపెక్కిన నేర్పు. (ప్రసిద్ధ నటుడు మాక్స్ ఫాన్ సీడో ఈయన కొడుకే.)

విద్యార్థికి అసలు పాఠం ఈవాల్ టాంగ్ క్రిస్టెన్సెన్ కాగితాల దగ్గర దొరుకుతుంది. 1843లో పుట్టిన ఈ బడిపంతులు డెన్మార్క్‌లోని యూట్లాండ్‌లో ఎక్కువగా కాలినడకనే తిరిగి, కొన్ని వేల మంది పేదవారి దగ్గర కథలూ పాటలూ రాసుకున్నాడు. ఎదురుగా కూర్చుని, చెప్పేవారి వేగాన్ని అందుకోవడానికి మాటలు కుదిస్తూ రాసేవాడు, తర్వాత ఇంట్లో శుద్ధ ప్రతి తయారు చేసేవాడు. అచ్చు పుస్తకాల్లో మాత్రం కథలను విషయం వారీగా సర్దాడు: నిస్సె కథలన్నీ ఒక చోట, దయ్యాలవి ఒక చోట, దొంగలవి మరో చోట. దాంతో ఒక కూలి స్త్రీ ఒక సాయంత్రం వరుసగా చెప్పిన పన్నెండు కథలు పన్నెండు చోట్లకు చెదిరిపోయే వీలుంది. ఇటీవలి పరిశోధకులు ఆయన నోటు పుస్తకాలకు తిరిగి వెళ్లి, ఒక్కొక్క మనిషి చెప్పిన కథలను మళ్లీ ఒక దగ్గర చేర్చి, చర్చి రిజిస్టర్లు, జనాభా లెక్కలతో పోల్చి చదువుతున్నారు. యజమాని పీనాసితనం గురించి నిస్సె కథ చెప్పిన మనిషి ఆ ఏడాది ఎవరి పొలంలో కూలికి ఉందో తెలిస్తే, కథ వేరేగా వినిపిస్తుంది.

సామీ ప్రజల విషయంలో ఈ శాఖలు చాలాకాలం తలవంచుకోవలసిన పని చేశాయి. నార్వే, స్వీడన్, ఫిన్‌లాండ్, రష్యా ఉత్తర భాగాల్లో ఉండే సామీలను జాతీయ జానపదం అనే చట్రం బయటివారిగా చూసింది. ఒకవైపు పండితులు వారి నమ్మకాలను సేకరిస్తుంటే, మరోవైపు నార్వే బడులు పందొమ్మిదో శతాబ్దం నడుమ నుంచి వారి భాషను తొక్కిపెట్టాయి. యోహాన్ తూరి అనే సామీ వేటగాడు తన ప్రజల జీవితం గురించి సామీలోనే రాసిన పుస్తకం 1910లో వచ్చింది. దాన్ని డేనిష్ చిత్రకారిణి ఎమిలియె డెమాంట్ హట్ డేనిష్ అనువాదంతో పక్కపక్కన అచ్చు వేయించింది. అంతకు చాలా ముందు, 1691లో, ఆండర్స్ పౌల్సెన్ అనే వృద్ధ సామీ దగ్గర నుంచి అతని పూజా డప్పును అధికారులు లాక్కున్నారు. మరుసటి ఏడాది మంత్రవిద్య నేరం కింద ఉత్తర నార్వేలోని వాద్సోలో విచారించారు. ఆ డప్పు కోపెన్‌హాగెన్‌కు చేరి, 1979 నుంచి అరువు వస్తువుగా నార్వేలోని కారాషోక్ సామీ మ్యూజియంలో ఉండి, 2022లో గానీ సామీల సొంతం కాలేదు. తీర్పు ఇచ్చేవారి ముందు పౌల్సెన్ ఆ డప్పు మీద బొమ్మలకు చెప్పిన అర్థాలు విచారణ పత్రాల్లో ఉన్నాయి. ప్రాణభయంతో చెప్పిన ఆ మాటలను ఆధారంగా ఎంతవరకు తీసుకోవాలన్నది తరగతి గదిలో తేలే ప్రశ్న కాదు.

దరఖాస్తు పెట్టుకునేవారికి ఎదురయ్యే ఆచరణాత్మక చిక్కు ఏమిటంటే, జానపద విజ్ఞానం ఉత్తరాది విశ్వవిద్యాలయాల్లో అదే పేరుతో కనిపించడం అరుదు. స్వీడన్‌లో ‘ఎత్నలజీ’ అని వెతకాలి, నార్వేలో సాంస్కృతిక చరిత్ర, సంస్కృతి విజ్ఞానం అనే పేర్లతో ఉంటుంది. ఐస్‌లాండ్ విశ్వవిద్యాలయం, హెల్సింకి, టుర్కు మాత్రం పాత పేరును నిలుపుకున్నాయి. టుర్కులోనే ఉన్న స్వీడిష్ మాధ్యమ విశ్వవిద్యాలయం ఓబో అకడమీలోనూ ఈ విషయం ఉంది. వైకింగ్, మధ్యయుగ నోర్స్ అధ్యయనాల ఎం.ఎ. ఐస్‌లాండ్‌లో ఇంగ్లీషు మాధ్యమంలో సాగుతుంది. ఆధునిక జానపదం మీద పని చేయాలంటే మాత్రం స్థానిక భాష రాక తప్పదు. చదువు ఉచితమన్న పాత మాటను నమ్ముకుని బయలుదేరవద్దు. యూరప్ బయటి విద్యార్థులకు డెన్మార్క్ 2006లో, స్వీడన్ 2011లో, ఫిన్‌లాండ్ 2017లో, నార్వే 2023లో రుసుములు పెట్టాయి. పిహెచ్.డి. వేరే లెక్క. డెన్మార్క్, నార్వే, స్వీడన్‌లలో అది సాధారణంగా మూడు నాలుగేళ్ల జీతపు ఉద్యోగం, అందుకే పోటీ గట్టిగా ఉంటుంది. అమెరికాలో ముందు రెండేళ్లు తరగతులు, తర్వాత అర్హత పరీక్షలు, ఆ తర్వాత సిద్ధాంత వ్యాసం అని అయిదారేళ్లు పడుతుంది. ఆ ఖర్చు చాలావరకు డిగ్రీ విద్యార్థులకు స్వీడిష్‌నో నార్వేజియన్‌నో నేర్పడం ద్వారా గడుస్తుంది. సాధారణంగా ఒక ఆధునిక భాషలో పట్టు, మరో దాన్ని చదవగల శక్తి, ప్రాచీన నోర్స్ అడుగుతారు. విస్కాన్సిన్ సహా చాలా చోట్ల పాత శాఖలు జర్మన్, స్లావిక్ శాఖలతో కలిసిపోయాయి. ఆచార్య ఉద్యోగాలు వేళ్ల మీద లెక్కించదగినన్నే. అనువాదం, మ్యూజియం, రికార్డుల భద్రత వంటి పనులను ముందు నుంచే దృష్టిలో పెట్టుకున్నవారు తక్కువ కష్టపడతారు.

మన వైపు నుంచి వెళ్లేవారికి అందుబాటులో ఉన్నా పెద్దగా ఎవరూ ముట్టని సరుకు ఒకటి కోపెన్‌హాగెన్‌లో ఉంది. తమిళ తీరంలోని తరంగంబాడి 1620 నుంచి 1845 వరకు డేనిష్ వలస. డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ ఆదరణలో నడిచిన మిషన్ ద్వారా 1719లో అక్కడికి వచ్చిన జర్మన్ పాదిరి బెంజమిన్ షుల్జ్, మద్రాసులో తెలుగు నేర్చి 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. తర్వాత జర్మనీలోని హాలెలో 1746, 1747 సంవత్సరాల్లో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. మిషన్ కాగితాలు ఎక్కువగా హాలెలో జర్మన్‌లో ఉన్నాయి. తరంగంబాడి పాలన కాగితాలు డెన్మార్క్ జాతీయ రికార్డుల భాండాగారంలో డేనిష్‌లో ఉన్నాయి. వాటిని చదవాలంటే ఆధునిక డేనిష్ వస్తే చాలదు. అవి గోథిక్ గొలుసు లిపిలో ఉంటాయి. అందులో ‘ఇ’, ‘ఎన్’, ‘ఆర్’ అక్షరాలు కొత్తవారి కళ్లకు ఒకే రకం గీతల్లా కనిపిస్తాయి. వర్ణక్రమం కూడా పాతదే. 1948 సంస్కరణకు ముందు డేనిష్‌లో నామవాచకాలన్నీ పెద్ద అక్షరంతో మొదలయ్యేవి, ‘ఓ’ ధ్వనికి ఇప్పుడు నెత్తిన సున్నా ఉన్న ఒకే అక్షరం వాడితే అప్పట్లో రెండు ‘ఎ’లు పక్కపక్కన రాసేవారు. టాంగ్ క్రిస్టెన్సెన్ నోటు పుస్తకాల్లో రైతు వాకిలి అనే మాట కూడా ఆ పాత వర్ణక్రమంలోనే ఉంటుంది. కంప్యూటర్‌లో కొత్త వర్ణక్రమంతో వెతికినవారికి ఆ వాకిలి దొరకదు, దాని ముందు నిలబడి ఉన్న బండీ దొరకదు.